మా గల్లీ పేగుల్లో కెమెరా

మా ఇంటి ముందరి వేపచెట్టును ఎవరూ నాటలేదు. నేను కాపురానికి వచ్చిన ఏడాది ప్రహరీ గోడ పక్కన తనంతట తానే మొలిచింది. అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల బోర్డులు ఆకాశాన్ని మూసేసిన చోట, మా గల్లీకి పచ్చగా మిగిలింది అదొక్కటే. ఆషాఢం వచ్చిందంటే బోనం కుండలకు కట్టే వేపమండల కోసం గల్లీ అంతా మా గేటు తోసుకుని లోపలికి వస్తుంది. ఎవరూ అడగరు. అడిగితే నేనేదో ఒక మాట అంటానని భయం. అడక్కపోయినా అంటాననుకోండి, అది వేరే సంగతి.

అలాంటి చెట్టును కొట్టేయాలని మా గల్లీ వాళ్లు ఒక సాయంత్రం కూర్చుని తీర్మానించారు. అదీ బోనాలకు పదిహేను రోజుల ముందు.

కారణం మా వాకిట్లోని చాంబర్. చాంబర్ అంటే వంటింటి నీళ్లు, బాత్రూం నీళ్లు అన్నీ వచ్చి కలిసి వీధిలోకి పోయే ముందు ఆగే చిన్న ఇటుకల గుంట. నెల రోజులుగా అది పొంగుతోంది. మూత కింద నుంచి నల్లటి నీళ్లు ఉబికి, వేపచెట్టు మొదలు చుట్టి, గేటు దాటి గల్లీలో పారేవి. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోకుండా మా ఇంటి ముందు నుంచి ఎవరూ నడవలేదు. నేను ఇంట్లోనే ఉండేదాన్ని కాబట్టి నాకు ఆ సౌకర్యం కూడా లేదు.

ప్లంబర్ వచ్చాడు. పొడవాటి వెదురు బద్ద దూర్చి గంటసేపు పొడిచాడు. బయటికి లాగితే బద్ద కొసన నాలుగు సన్నటి వేర్లు చుట్టుకుని వచ్చాయి. అంతే. కేసు తేలిపోయింది, ముద్దాయి దొరికింది. వేపచెట్టు వేర్లు పైపును మింగేశాయని సాయంత్రానికి గల్లీ ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది. వీధి లైన్ చూసే మనుషులు కూడా వచ్చి, గల్లీ మొదట్లో ఉన్న మ్యాన్‌హోల్ మూత ఎత్తి తొంగిచూశారు. లోపల శుభ్రంగా, పొడిగా ఉంది. "వీధి లైన్ మంచిగున్నది. తప్పు మీ ఇంట్లనే ఉన్నది" అని చెప్పి వెళ్లిపోయారు.

ఆ తర్వాత తీర్మానం చేయించింది మా ప్రెసిడెంట్. అంటే దేశానికి కాదు, మా గల్లీ సంఘానికి. మా ఎదురిల్లే ఆయనది. నాకంటే నాలుగేళ్లు చిన్న, అందుకే నేను తమ్మీ అంటాను, ఆయన అక్కా అంటాడు. చెడ్డవాడేం కాదు. గల్లీకి సిమెంటు రోడ్డు వేయించింది ఆయనే. ఆ రోడ్డు పడిన వారంలోనే తన కారు ఎక్కడానికి గేటు ముందు రోడ్డు మీదికి ఒక ర్యాంపు కూడా పోయించుకున్నాడు. ఇక పండగ వస్తే చాలు, నల్ల కళ్లద్దాలు, తెల్ల చొక్కా, జోడించిన చేతులతో ఆయన ఫ్లెక్సీ గల్లీ మొదట్లో వేలాడేది. పండగ వెళ్లాక ఆ ఫ్లెక్సీలు నీళ్ల ట్యాంకుల మీద, ఇసుక కుప్పల మీద, ఇడ్లీ బండి మీద కప్పుకోవడానికి పనికొచ్చేవి. వృథా అన్నమాటే లేదు.

"అక్కా, కోపం జేయకు," అన్నాడు మీటింగులో. "చెట్టుదేముంది, ఇంకోటి పెట్టుకోవచ్చు. బోనాలకు చుట్టాలొస్తరు. గీ వాసనల ఎట్ల నడుస్తరు చెప్పు? అమ్మవారి బోనం గీ నీళ్లల్లకెల్లి పోవాల్నా?"

"తమ్మీ, మండలకు గీ చెట్టే కావాలె, నరకనీకె సుత గీ చెట్టే దొరికిందా?" అన్నాను. "సరే, ఒక్కటి చెప్పు. మా లైనే మూసుకుంటే మా నీళ్లే పొంగాలె గద? మొన్న పొద్దంతా నేను చుక్క నీళ్లు వాడలే. అయినా పొంగింది. పైనకెల్లి గులాబీ వాసన నురగ! మా ఇంట్ల అందరం కుంకుడుకాయ రుద్దుకునేటోళ్లమే. మరి గా షాంపూ ఎవరిది, చెట్టుదా?"

పక్క మేడలో ఉన్న ఆడపిల్లల హాస్టల్ వైపు అందరూ ఒకసారి చూశారు. చూసి మళ్లీ నా చెట్టు వైపే చూశారు.

"ఆదివారం పొద్దున కట్టెకోత మనిషి వస్తుండు. మాట్లాడిన," అన్నాడు ప్రెసిడెంట్. "పర్మిషన్ ఫికర్ నాకు ఇడ్సిపెట్టు."

వాదనలో నేను ఓడిపోవడం అరుదు. ఆ రోజు ఓడిపోయాను. వాసన ముందు ఎవరి తర్కమూ నిలవదు.

మరునాడు మా ఆయనను పంజాగుట్టలో ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. చాలా రోజులుగా కడుపునొప్పి. డాక్టరు ఆయన నోట్లోంచి సన్నటి గొట్టం దించి, దాని కొసనున్న కెమెరాతో కడుపంతా తెర మీద చూపించాడు. తడిగా, గులాబీ రంగులో ఒక సొరంగం. ఇది మడత, ఇది పుండు, భయం లేదు, మందులతో పోతుంది అంటున్నాడు. నేను పుండును చూడటం లేదు. సొరంగాన్నే చూస్తున్నాను.

"డాక్టర్ గారూ, ఇలాంటిది డ్రైనేజీ పైపులకు ఉండదా?"

నోట్లో గొట్టం ఉన్న మా ఆయన మాట్లాడలేక కళ్లు మూసుకున్నాడు. డాక్టరు మాత్రం నవ్వేశాడు. "ఎందుకుండదండీ! మా బిల్డింగ్‌కే రెండుసార్లు తెప్పించాం. కింద మెయింటెనెన్స్ వాళ్ల దగ్గర నంబర్ ఉంటుంది, అడగండి."

ముందు నంబరు తీసుకున్నాను. తర్వాతే మందులు. ఈ వరస మా ఆయన ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతుంటాడు.

శనివారం ప్రెసిడెంట్ గేటు ముందు నిలబడి పందెం పెట్టాను. "రేపు కెమెరా వస్తుంది. గల్లీ అందరి ముందు చూద్దాం. దోషం నా చెట్టుదే అయితే మొదటి కొమ్మకు తాడు నేనే పట్టుకుంట. కాకపోతే గొడ్డలి మాట మళ్ల ఎత్తొద్దు."

"అట్లనే కానీ అక్కా," అన్నాడు, చిన్నపిల్లల ముచ్చట తీర్చినట్టు.

ఆదివారం పొద్దున వచ్చిన కెమెరా మనిషి గడ్డం నెరిసిన భాయ్. బండి దిగగానే నాకో మాట చెప్పాడు. "మేడం, నా కెమెరాకు దోస్తీ లేదు, దుష్మనీ లేదు. ఏమున్నదో గదే చూపిస్తది. తర్వాత నా మీద గుస్సా కావొద్దు."

"మీరు చూపించండి భాయ్. గుస్సా ఎవరి మీద కావాలో నేను చూసుకుంట."

ముందు సక్షన్ బండి వచ్చి చాంబర్ లోని నీళ్లు తోడేసింది. ఇక గంటసేపు గల్లీలో ఎవరూ నల్లా తిప్పకూడదన్నాడు భాయ్. ఇంటింటికీ వెళ్లాను. హాస్టల్లో ఆ టైముకు తలస్నానాల వరుస నడుస్తోంది. మెట్ల దగ్గర నిలబడి, ఈ గంటలో బకెట్ ముట్టుకున్న పిల్లకు ఈ ఏడాది ఉద్యోగం రాదని అరిచాను. అమీర్‌పేటలో అంతకు మించిన శాపం లేదు. నీళ్ల చప్పుడు టక్కున ఆగింది.

వేపచెట్టు నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసి, దాని మీద సూట్‌కేసు లాంటి పెట్టె తెరిచాడు భాయ్. పెట్టె మూతలో తెర. పక్కన పెద్ద చక్రానికి చుట్టిన గట్టి కేబుల్, దాని కొసన బొటనవేలంత కెమెరా, దాని చుట్టూ చిన్న చిన్న లైట్లు. గల్లీ అంతా చాయ్ గ్లాసులతో చేరింది. ఏటా మా గల్లీలో మొదటి బోనం ఎత్తే పెద్దమ్మ ముందు వరసలో కూర్చుంది. కట్టెకోత మనిషి కూడా వచ్చేశాడు. రంపం పక్కన పెట్టి తనూ చూస్తున్నాడు. అవతల కృష్ణానగర్ నిండా సినిమా కెమెరా ముందు నిలబడే అదృష్టం కోసం ఎదురుచూసేవాళ్లే. ఆ రోజు ఆ అదృష్టం మా మురికి పైపుకు పట్టింది.

భాయ్ కేబుల్ నెట్టాడు. తెర మీద పాతకాలపు మట్టి పైపు, గుండ్రంగా, తడిగా. ఐదడుగుల దగ్గర గోధుమరంగు జడలాంటిదేదో అడ్డం వచ్చింది.

"గిదేంది అక్కా?" అన్నాడు ప్రెసిడెంట్, మహా సంతోషంగా.

కొబ్బరిపీచు. నేను గిన్నెలు తోమే పీచు. మా సింకు నుంచి చెత్త పోదని ఇరవై ఏళ్లుగా అందరితో వాదించినదాన్ని.

"నాదే," అన్నాను. "పీచు నాదే. రాసుకోండి. ముందుకు పోనీయండి భాయ్."

పన్నెండు అడుగుల దగ్గర, సరిగ్గా చెట్టు కింద, పైపు అతుకులోంచి వేర్లు కనిపించాయి. తెల్లగా, సన్నగా, గడ్డంలా వేలాడుతున్నాయి. జనంలో గుసగుస మొదలైంది. కట్టెకోత మనిషి రంపం అందుకున్నాడు. ముప్పై ఏళ్ల చెట్టు నాలుగు పోగుల వల్ల పోతుందా అనిపించింది.

"ఐపాయె," ప్రెసిడెంట్ లేచి నిలబడ్డాడు. "ఇంకేం చూడాలె?"

"జర ఠైరో సాబ్," అన్నాడు భాయ్, తల ఎత్తకుండానే. "మేడం, చాంబర్ల ఒక బకెట్ నీళ్లు పొయ్యిండ్రి."

పోశాను. తెర మీద నీళ్లు కెమెరాను దాటి, వేర్లను తడిపి, ఆగకుండా ముందుకు జారిపోయాయి.

"చూసిండ్రా? వేర్లు ఉన్నయి, ఝూట్ చెప్ప. కాని నీళ్లను ఆపుతలేవు. ఆపేటిది ముందట ఏదో ఉన్నది."

ప్రెసిడెంట్ మళ్లీ కూర్చున్నాడు. భాయ్ కేబుల్ నెడుతూ పోయాడు. ఇరవై అడుగులు, ముప్పై. మా ప్రహరీ దాటింది, రోడ్డు కిందికి పోయింది. కెమెరా నీళ్లలో మునిగింది. తెరంతా చాయ్ రంగు. మళ్లీ తేలింది. పైపు అయిపోయి, ఇటుకల గోడలతో వెడల్పాటి చోటు కనిపించింది.

"మ్యాన్‌హోల్," అన్నాడు భాయ్. "మీ గల్లీ నీళ్లన్నీ ఈడికే వస్తున్నయి. దీని మూత రోడ్డు మీద ఏడుంది?"

ఎవరికీ తెలియదు. అక్కడ ఒక మ్యాన్‌హోల్ ఉండేదన్న సంగతే అందరం మరిచిపోయాం. నీళ్లు బయటికి పోవాల్సిన వైపు బస్తా అంత ముద్ద ఒకటి గడ్డకట్టి కూర్చుని ఉంది. దాని పైన ఏదో గుడ్డలా వేలాడుతోంది. భాయ్ కేబుల్‌ను మెల్లగా తిప్పాడు. కెమెరా పైకి చూసింది. లైట్ల వెలుగులో ముందు రెండు జోడించిన చేతులు కనిపించాయి. తర్వాత తెల్ల చొక్కా. తర్వాత నల్ల కళ్లద్దాలు. వాటి కింద "శుభాకాంక్షలు" అన్న మాటలో సగం.



పెద్దమ్మ తెర దగ్గరికి వంగి చూసింది. "ఓ బిడ్డా, మన ప్రెసిడెంటే గద! గంత లోపలికి ఎందుకు దిగిండు?"

అప్పుడు పుట్టింది నవ్వు. మెట్ల మీది హాస్టల్ పిల్లలు, చాయ్ గ్లాసుల వాళ్లు, కట్టెకోత మనిషి అందరూ విరగబడ్డారు, చివరికి కడుపులో పుండున్న మా ఆయన కూడా కడుపు పట్టుకున్నాడు.

భాయ్ మాత్రం నవ్వలేదు. నిటారైన కర్రలాంటి యంత్రం చేత పట్టుకుని రోడ్డు మీదికి నడిచాడు. లోపల కెమెరా ఎక్కడుంటే పైన అది అక్కడ కూత పెడుతుంది. కూత పెరుగుతూ పెరుగుతూ, ఎదురింటి ర్యాంపు మీద, కారు ముందు చక్రం పక్కన ఆగకుండా మోగింది.

జరిగింది భాయే చెప్పాడు. ర్యాంపు పోసేటప్పుడు అక్కడి మ్యాన్‌హోల్ మూత పగిలి ఉండి ఉంటుంది. మేస్త్రి ఆ కంతకు ఒక చెక్క అడ్డం పెట్టి, దాని మీద దొరికిన పాత ఫ్లెక్సీ పరిచి, పైన కాంక్రీటు పోసేశాడు. చెక్క నానింది, విరిగింది. ఫ్లెక్సీలో చిక్కిన కాంక్రీటు ముద్ద ఊడి, నీళ్లు పోయే దారికి అడ్డం పడింది. గల్లీ మొదటి మ్యాన్‌హోల్ పొడిగా ఎందుకుందో అప్పుడు నాకు అర్థమైంది. నీళ్లు అక్కడిదాకా చేరితే కదా తడవడానికి! అన్నిట్లోకి పల్లం మా ఇల్లే కాబట్టి గల్లీ నీళ్లన్నీ వెనక్కి తిరిగి మా వాకిట్లోనే తేలాయి.

"గది మేస్త్రి జేసిన పని అక్కా," అన్నాడు ప్రెసిడెంట్. గొంతు సగమైంది.

"మేస్త్రి జేసిందే తమ్మీ. కాని పైన కారు ఎవరిది?"

కట్టెకోత మనిషి రంపం సంచిలో పెట్టుకుంటూ, "ర్యాంపు కోయనీకె నా రంపం పనికిరాదు సార్," అన్నాడు.

ఆ సాయంత్రం భాయ్ ఇచ్చిన వీడియోను గల్లీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కింద ఎక్కువేం రాయలేదు. "మన అధ్యక్షుల వారికి ముందస్తు బోనాల శుభాకాంక్షలు" అని మాత్రం రాశాను. నాకు చెడ్డపేరు ఉందంటే ఊరికే రాలేదు.

ర్యాంపు మంగళవారం పగిలింది. ప్రెసిడెంటే దగ్గర నిలబడి కొట్టించాడు. ఆ మాట కూడా చెప్పాలి, తప్పు కంటికి కనిపించాక మొండికేయలేదు. ముద్దను గొలుసు కట్టి పైకి లాగుతుంటే నేను పరుగున వచ్చి మా చాంబర్ మూత ఎత్తి నిలబడ్డాను. నిండుగా ఉన్న నల్లటి నీళ్లు ఒకసారి కదిలాయి, సుడి తిరిగాయి, గుడగుడమంటూ ఒక్క గుక్కలో దిగిపోయాయి. అడుగున ఇటుకలు కనిపించాయి. నెల రోజుల తర్వాత నేను ఇంటి వాకిట్లో నిలబడి గట్టిగా గాలి పీల్చాను. వేపపూత కాలం కాదు. అయినా నాకు పూత వాసనే వచ్చింది.

నా వంతు శిక్ష నేనూ వేసుకున్నాను. సింకుకు జల్లెడ బిగించాను. వేర్లు దూరిన అతుకు తవ్వించి అక్కడ కొత్త పైపు వేయించాను. చెట్టు ఉండాలంటే ఆ మాత్రం చేయాలి. పీచు సంగతి మా ఆయన ఎత్తినప్పుడల్లా నేను ఆయన కడుపు సంగతి ఎత్తుతాను.

బోనాల రోజు పొద్దున గేటు చప్పుడైంది. ప్రతి ఏడూ తోసుకుని వచ్చే గేటు. ఈసారి బయటే నిలబడి తడుతున్నారు. ప్రెసిడెంట్. తెల్ల చొక్కా ఉంది, కళ్లద్దాలు లేవు.

"అక్కా... జర మండలు కావాలె. పెద్దమ్మ బోనానికి, మా ఇంటి బోనానికి."

"మెట్ల కింద నిచ్చెన ఉంది, తీసుకో. కొమ్మలకు గొడ్డలి పెట్టొద్దు, చేత్తోనే తుంపు."

నిచ్చెన వేసుకుని ఎక్కాడు. చీమలు కుట్టినట్టున్నాయి, చొక్కా దులుపుకుంటున్నాడు. కింద శుభ్రంగా ఆరిన గల్లీలో పెద్దమ్మ పసుపు కాళ్లతో నిలబడి, కుండకు సున్నం బొట్లు పెడుతోంది. నేను నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూశాను.

"గా కొమ్మ కాదు తమ్మీ, ముదిరింది. ఇంకా పైకి ఎక్కు. లేతవన్నీ పైనే ఉన్నయి."