అక్క తిన్న నల్ల సోయా

హిందూపురంలో ఒక చిన్న ల్యాబ్‌లో నా ఉద్యోగం. సోయా గింజలను పొడి కొట్టి, వాటిలో ఒంటికి మేలు చేసే పదార్థాలు ఏ రకంలో ఎంత ఉన్నాయో చూడాలి. ఓ ఏడాది పెనుకొండ దగ్గర ఒక రైతు చేనులో కొన్ని పసుపు రకాలు, ఒక నల్ల రకం వేయించాం. కోతలయ్యాక సంచులు వచ్చాయి. పొడి కొట్టడం, నూనె తీయడం, వడకట్టడం, కొలిచే యంత్రానికి ఎక్కించడం. సాయంత్రానికి మెడ పట్టేసేది. బస్సెక్కితే చాలు, కళ్లు మూతలు పడేవి.

ధర్మవరంలో మా అక్క పట్టుచీరలు నేస్తుంది. నెలసరి ఆగినప్పటి నుంచి ఆమెకు ఉన్నట్టుండి ఒంట్లో ఆవిర్లు పుట్టి చెమటలు కారేవి. లేత రంగు పట్టు మీద ఒక చుక్క పడినా మరకే. నుదుటికి గుడ్డ కట్టుకుని నేసేది. ఒకరోజు నేను వెళ్లేసరికి గులాబీ చీర సగంలో ఆగిపోయి ఉంది. అక్క గోడకు ఆనుకుని కూర్చుంది.

"నువ్వు పరీక్ష చేసే గింజలు ఆడోళ్లకు మంచివంటారు గదమే. తింటే ఇది తగ్గుతాదా?"

"కొందరికి కొంచెం తగ్గుతాదంటారక్కా. కొందరికి ఏమీ తేడా ఉండదు. నీకు తగ్గుతాదని నేను చెప్పలేను."

"ఇన్నేండ్లు చదివి ఇదేనా చెప్పేది?" అంది. ఆ గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

మా పరీక్షల్లో నల్ల రకమే అన్నిటికంటే బాగుంది. పైపొట్టులోని నల్ల రంగు కూడా మేలు చేసేదే. ఆ రైతునడిగి ఒక చిన్న సంచి తెచ్చి అక్కకిచ్చాను. నానబెట్టి, మెత్తగా ఉడికించి, ఉల్లిపాయ, పచ్చిమిరప వేసి తాలింపు పెట్టుకుని తినేది. మొదట్లో పచ్చివాసనకు మొహం చిట్లించినా, తర్వాత అలవాటైంది.

మరుసటి ఏడు కాయ ముదిరే వేళ వాన ముఖం చాటేసింది. ఎండలు మండాయి. అదే నల్ల రకం, అదే చేను. అయినా ఈసారి గింజల్లో మంచి పదార్థాలు బాగా తగ్గిపోయాయి. నమ్మలేక మళ్లీ మళ్లీ పొడి కొట్టి చూశాను. లెక్క మారలేదు. దిగుబడి కూడా తక్కువే. "నల్లవి ఇంక ఏయను మేడమ్, కాపే లేదు," అన్నాడు రైతు. ఆఫీసులో ఆ రకాన్ని పక్కన పెట్టేశారు. రెండేళ్ల చాకిరీ అలా ముగిసింది.

ఈలోగా అక్కను పుట్టపర్తి ఆసుపత్రిలో చూపించాను. భయం లేదు, వయసుతో వచ్చేదే, నిదానంగా పోతుందన్నారు డాక్టరు. నిజంగానే నిదానంగా తగ్గింది. గులాబీ చీర పూర్తయి, దాని తర్వాత ఇంకెన్నో చీరలు మగ్గం దిగాయి. గింజల వల్ల తగ్గిందో, కాలం గడిచి తగ్గిందో నాకు తెలియదు. అక్కకు మాత్రం ఏ అనుమానమూ లేదు. "నల్లగింజలే తగ్గించినాయి," అని ఇరుగుపొరుగు నేతగత్తెలకు చెప్పింది. వాళ్లు నన్ను పట్టుకున్నారు.

"యాడ దొరుకుతాయమ్మా అవి?"

"ఈడ ఇంక పండించడం లేదు. పసుపువి తినండి, అవీ మంచివే. కానీ తగ్గుతాదని మాటియ్యలేను," అన్నాను. వాళ్లు నా మాట సగంలోనే వదిలేసి అక్క వైపు తిరిగారు. నాకూ వాదించే ఓపిక లేకపోయింది.

పోయిన నెల ల్యాబ్‌లో ఉండగా నాకూ ఒంట్లో మొదటి ఆవిరి లేచింది. కోటు విప్పి ఫ్యాను కింద చాలాసేపు నిలబడ్డాను. అక్కకు ఫోన్ చేసి చెప్తే నవ్వలేదు. "పని ఆపి కూర్చోమే, కొంచేపు," అంది. కూర్చున్నాను.