రాసుకోవద్దన్న మాట

లస్కరు గారు పోయారని పాలకొల్లు దగ్గరి ఊరి నుంచి మా మావయ్య ఫోన్ చేసేసరికి నేను రాజమండ్రిలో మా ఇంట్లో, కంప్యూటర్ ముందు ఆఫీసు మీటింగులో ఉన్నాను.

"పొద్దున్న కాఫీ తాగి అరుగు మీద కూర్చున్నారంటమ్మా. అలాగే పక్కకి ఒరిగిపోయారంట. రేపు పదింటికి చర్చిలో ప్రార్థన. వస్తావా?" అన్నాడు.

వస్తానన్నాను. ఫోన్ పెట్టేసి, మ్యూట్ తీసి, నన్ను పిలవగానే మాట్లాడాను. ఆ రోజు నేను చూపించిన నివేదిక మొదటి పేజీ మీద ఉన్న ప్రశ్న ఆయనది. ఆ మాట అక్కడున్నవాళ్ళెవరికీ తెలియదు. అంతకుముందు నేను చెప్పలేదు. ఆయన పోయారని తెలిసిన ఆ పూట కూడా చెప్పలేదు.

ఆయన కాలవల మీద ముప్ఫై ఏళ్ళకు పైగా లస్కరుగా పనిచేశారు. తూముల షట్టర్లు ఎత్తుతూ దించుతూ, పై పొలాల నుంచి శివారు పొలాల దాకా నీళ్ళు నడిపించడం ఆ ఉద్యోగం. రిటైరైన తర్వాత కూడా, దాళ్వాకి, అంటే రెండో పంటకి, నీళ్ళు చాలని ప్రతి ఏడాదీ రైతులు ఆయన్నే పిలిచి వంతులు పెట్టమనేవారు. ఆయనకు సెంటు పొలం లేదు. ఇల్లు చర్చి వెనక పేటలో. మా మావయ్య ఇంటికి ఎన్నిసార్లు వచ్చినా వీధి గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడి వెళ్ళిపోయేవారు. లోపలికి రమ్మని మా వాళ్ళు అన్నట్టు నాకు గుర్తులేదు. అయినా నీళ్ళ దగ్గర మాత్రం ఆయన మాటకు ఎదురుండేది కాదు.

పొద్దున్నే సైకిలెక్కి ముందు శివారుకే వెళ్ళేవారు. నీళ్ళు రాని రోజు కూడా వెళ్ళేవారు. ఎందుకని అడిగాను.

"రావని చెప్పడానికి కూడా ఓ మనిషి వెళ్ళాలి కదండి. చెప్పకపోతే పైవాళ్ళు తాగేశారనుకుంటారు" అన్నారు.

ఊళ్ళో చిన్నాపెద్దా అందరినీ మీరు అనేవారు. గట్టు మీద గేదె అడ్డంగా పడుకుంటే "కాస్త జరగండి" అని బెల్లు కొట్టేవారు. తూము దగ్గర నీటిమట్టం చూసే స్కేలున్నా, పొలాలకు నీళ్ళు పారే పంటబోదెలోకి కాలు దింపి చీలమండ దాకా వచ్చాయో లేదో చూసుకునేవారు. "స్కేలు ఆఫీసువాళ్ళ కోసమండి. కాలు రైతు కోసం" అనేవారు.

నా ఉద్యోగం గురించి కొంచెం చెప్పాలి. నేను సహకార కృత్రిమ మేధ మీద పనిచేసే ఒక సంస్థలో పరిశోధన విశ్లేషకురాలిని. వేర్వేరు మనుషుల తరఫున పనిచేసే కృత్రిమ మేధ ప్రోగ్రాములు ఇప్పుడు వాటిలో అవే బేరాలాడుకుంటున్నాయి, ఒప్పందాలు చేసుకుంటున్నాయి. వాటిలో ఒకటి మాటిచ్చి తప్పితే ఏం చేయాలి? ఉన్నది కొంచెమైనప్పుడు కొట్టుకోకుండా ఎలా పంచుకోవాలి? నేను ప్రోగ్రాములు రాయను. మనుషులు ఈ చిక్కుల్ని ఎలా విప్పుకున్నారో వెతికి, ఉదాహరణలు పోగేసి, నివేదికలు రాస్తాను. అలా వెతుకుతున్నప్పుడే లస్కరు గారు గుర్తొచ్చారు. ఒక దాళ్వాలో వారానికోసారి బస్సెక్కి వెళ్ళి ఆయన వెనకాల గట్ల మీద తిరిగాను.

మొదటి రోజు నా పనేమిటో వివరిస్తే చాలా శ్రద్ధగా విన్నారు.

"అంటే మిషన్లకి కూడా వంతులు పెడతారాండి?"

"దాదాపు అలాంటిదేనండి."

"ఆయ్. మరి వాటికి లస్కరు ఎవరండి?"

ఆ ప్రశ్నే నా నివేదికకు మొదటి వాక్యమైంది. మా పై అధికారిణి దాని కింద గీత గీసి, "ఎంత సూటిగా అడిగావు!" అని రాసింది. థాంక్స్ అని జవాబిచ్చాను.

ఇంతవరకైతే దొంగతనమే. తర్వాత చేసింది అంతకన్నా పెద్దది.

ఒక మధ్యాహ్నం తూము గోడ మీద కూర్చున్నాం. ఆయన తువ్వాలు కాలవలో జాడించి పిండుతున్నారు. "మీరెప్పుడైనా వంతు తప్పారాండి?" అని అడిగాను. పిండుతున్న చేతులు ఆగాయి.

"ఆ పుస్తకం మూసెయ్యండి అమ్మాయిగారూ, చెప్తాను."

మూశాను. చాలా ఏళ్ళ కిందట, నీళ్ళకు కటకటలాడిన ఒక దాళ్వాలో, ఆయన ఒక మనిషి కోసం వంతు కాని వేళ షట్టరెత్తారు. అరగంట. రైతులు వచ్చి అడిగితే షట్టర్ ఇరుక్కుపోయిందని అబద్ధం చెప్పారు. ఆ మనిషి ఎవరో, ఏం కష్టంలో ఉన్నారో కూడా నాకు చెప్పారు. అది ఇక్కడ రాయను.

"తప్పేనండి. కానీ మళ్ళీ అలాంటి రోజొస్తే ఏం చేస్తానో నాకే తెలీదు. ఇది మా ఇంటావిడకి తెలుసు. ఇప్పుడు మీకు. రాసుకోకండి."

"రాసుకోనండి" అన్నాను.

తిరుగు బస్సు కొవ్వూరు చేరేలోగా పుస్తకంలో నాలుగు పేజీలు నిండాయి. పేరు రాయడం లేదు కదా, ఊరు రాయడం లేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అందరూ నమ్మిన పెద్దమనిషే జాలిపడి నియమం తప్పితే ఏం చేయాలన్నది మా రంగంలో చాలా క్లిష్టమైన ప్రశ్న. అంత మంచి ఉదాహరణను వదులుకోబుద్ధి కాలేదు.

నివేదిక ఇంగ్లీషులో ఉంది. అది అక్కడే ఆగిపోయుంటే ఊరి దాకా వచ్చేది కాదేమో. ఆ శీతాకాలంలో పాలకొల్లు వైపు ఒక కాలేజీలో నన్ను మాట్లాడమన్నారు. భోజనాలైన తర్వాత పిల్లలంతా తూగుతున్నారు. వాళ్ళను లేపాలని నాకు పట్టుదల వచ్చింది. "ఇక్కడికి దగ్గర్లోనే ఒక లస్కరు గారున్నారు" అని మొదలుపెట్టాను. సైకిలు, గేదెను మీరు అనడం, బోదెలో కాలు దింపడం, అన్నీ చెప్పాను. నవ్వారు. నవ్వుతుంటే నాకు ఊపొచ్చింది. షట్టర్ కథ కూడా చెప్పేశాను. మూడో వరసలో ఒకమ్మాయి పక్కమ్మాయి చెవిలో ఏదో అనడం చూశాను. చూసి కూడా ఆపలేదు. చివర్లో చప్పట్లు బాగా మోగాయి.

పది రోజులకు మావయ్య ఫోన్ చేశాడు. దాళ్వా వంతుల కోసం రైతులు కూర్చున్నారట. అక్కడ షట్టర్ సంగతి లేచిందట.

"కాదని ఒక్క మాటంటే వదిలేసేవాళ్ళమ్మా. ఆయన అనలేదు. 'ఎత్తానండి, అబద్ధం చెప్పానండి' అన్నారు. ఎవరి కోసం ఎత్తావు, ఎంత తిన్నావు అని నానా మాటలూ అన్నారు. 'ఎత్తింది నేను, అడగాల్సింది నన్నేనండి' అన్నారంతే. ఆ మనిషి పేరు మాత్రం చెప్పలేదు."

"నువ్వేమన్నావు మావయ్యా?"

"నలుగురూ అన్నప్పుడు నేనొక్కణ్ణీ ఏమంటానమ్మా" అన్నాడు.

షట్టర్ తిప్పే హ్యాండిల్ ఆయన దగ్గర్నుంచి తీసేసుకున్నారు. ఐదుగురితో కమిటీ వేశారు, వాట్సాప్ గ్రూపు పెట్టారు. కాలేజీలో ఎవరో మేడం చెప్పిందట అని మావయ్య అన్నాడు. ఆ మేడం నువ్వేనా అని అడగలేదు. అడిగితే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

వెళ్ళడానికి నాకు రెండు నెలలు పట్టింది. బస్సులో కూర్చుని క్షమించమని ఎలా అడగాలో మాట మాట కూర్చుకున్నాను. ఆయన ఇంటి ముందు కొబ్బరాకుల నుంచి ఈనెలు చీరి చీపుర్లు కడుతున్నారు. నన్ను చూడగానే లేచి, చేతులు తుడుచుకుని, "రండి అమ్మాయిగారూ" అంటూ కుర్చీ వేశారు. మజ్జిగ తెమ్మని లోపలికి కేకేశారు. మా వాళ్ళ గుమ్మం దగ్గర ఆయన నిలబడ్డం గుర్తొచ్చి ఆ కుర్చీలో సర్దుకుని కూర్చోలేకపోయాను.

"మీ మిషన్లు ఎలా ఉన్నాయండి? మాట మీద నిలబడుతున్నాయా?"

దెప్పారా అని మొహంలోకి చూశాను. తెలుసుకోవాలన్న ఆసక్తి తప్ప ఇంకేమీ కనపడలేదు. "ప్రయత్నం చేస్తున్నామండి" అన్నాను. మజ్జిగ తాగాను. బెండకాయల ధర గురించి, ఎండల గురించి మాట్లాడాను. గ్లాసు కింద పెట్టి లేచాను. బస్టాపు దాకా సైకిలు నడిపించుకుంటూ నా పక్కనే వచ్చారు. ఆ దారి పొడుగునా ఎన్నో క్షణాలు దొరికాయి. ఒక్కదాన్నీ వాడుకోలేదు. తర్వాత ఏడాదిన్నర బతికారు. నేను మళ్ళీ వెళ్ళలేదు.

చర్చిలో వెనక బెంచీ దగ్గర నిలబడ్డాను. కమిటీవాళ్ళు కూడా వచ్చి బయట గోడ పక్కన నిలబడ్డారు. పాటలు పాడుతున్నంతసేపూ నేను ఆయన భార్య వైపు తలెత్తి చూడలేదు.

ఆ వారంలోనే మా సంస్థకు ఉత్తరం రాసి నివేదికలోంచి షట్టర్ కథ తీయించాను. ప్రశ్న ఎవరిదో రాయించాను. అప్పటికే చాలామంది దించుకున్న పాత ప్రతులను ఎవరూ వెనక్కి తేలేరు.

ఆయన గురించి నాలుగు మాటలు రాయాలనిపించినప్పుడు, ఈసారైనా అడిగి రాద్దామని ఆయన భార్య దగ్గరికి వెళ్ళాను. పెరట్లో బట్టలు ఆరేస్తున్నారు.

"ఆ కథ కాలేజీలో చెప్పింది నేనేనండి" అన్నాను.

"తెలుసండి."

"ఆయనకీ?"

"రైతులు అడిగిన రోజే తెలిసిందండి. నాకు కాక మీ ఒక్కళ్ళకే కదండి చెప్పింది."

నిజమే. నేను కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగిన రోజు ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని నాకూ లోపల తెలుసు. తెలియనట్టే బెండకాయల ధర మాట్లాడాను.

"ఏమన్నారండి?"

"నన్నే కోప్పడ్డారండి. నేను మిమ్మల్ని ఏదో అన్నానని. 'ఆ అమ్మాయి నోరు జారుంటది, వస్తే ఏమీ అనకు, సిగ్గుపడిపోద్ది' అన్నారు."

ఇదంతా రాయవచ్చా అని అడిగాను.

"రాయండి. ఊరందరికీ తెలిసిందే కదండి. ఆ రెండో మనిషి సంగతి మాత్రం వద్దండి."

రాయనన్నాను. ఆమె నా మొహంలోకి కాసేపు చూశారు. నమ్మారో లేదో తెలియదు. బకెట్లోంచి చివరి బట్ట తీసి దులిపారు. ఆయన ఖాకీ చొక్కా. అప్పటికే తీగ మీద ఇంకొకటి వేలాడుతోంది.

"ఎవరికైనా ఇచ్చేద్దామని తీశానండి. ఇయ్యబుద్ధి కాలేదు. ఉతికేశాను" అన్నారు.

ఆమె లోపలికి వెళ్ళిపోయాక కూడా నేను అక్కడే నిలబడి ఉన్నాను. రెండు చొక్కాలూ చేతులు కిందికి వేలాడేసుకుని ఉన్నాయి. వాటి అంచుల నుంచి నీళ్ళు కారి, కింద ఎండిన నేల మీద ఒక్కొక్క చుక్కే ఇంకిపోతున్నాయి.