సముద్రం సారు పట్టాలు

ఆ రోజుల్లో మొయినాబాద్, చేవెళ్ల దారిలో లేఅవుట్ అనే మాటకు ఒకటే అర్థం. నిన్నటిదాకా జొన్న ఊగిన చేను, ఇవాళ తెల్లసున్నపు గీతలు, హద్దురాళ్లు, ముందర రంగులేసిన కమాను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. సివిల్ డిప్లొమా ముగించి, చేవెళ్ల నుంచి రోజూ బస్సెక్కి మొయినాబాద్ వచ్చి, ఒక ప్లాన్ల ఆఫీసులో కంప్యూటర్ మీద ప్లాట్లు గీసేదాన్ని. ఆఫీసంటే మూడు కుర్చీలు, ఎండాకాలం ముక్కుతూ మూలుగుతూ నడిచే ఒక పెద్ద ప్రింటరు, మేమంతా ‘అన్న’ అని పిలిచే యజమాని. ముప్పై అడుగుల రోడ్డు, నలభై అడుగుల రోడ్డు, మూలకొక పార్కు ఉంటే చాలు, భూమ్మీద ఏ జాగానైనా సర్ది చూపిస్తానని నాకు గట్టి నమ్మకం. (అడగకుండానే వాస్తు కూడా చెప్పేదాన్ని. విన్నవాళ్లు ఏమయ్యారో తెలియదు.)

ఒక మధ్యాహ్నం చేతిలో గుడ్డసంచితో ఒక పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు. లేఅవుట్ గీయించాలన్నాడు. అన్న హుషారుగా కుర్చీ జరిపాడు.

“కూసోండి సార్. ఏ సైడు? చందనవెల్లి దిక్కా, మోకిల దిక్కా?”

“సముద్రం పక్కనండీ.”

అన్న కొంచెం కూడా తడబడలేదు. “సముద్రం దిక్కు మనం ఇంకా చెయ్యలే గని, ఫికర్ లేదు, చేద్దాం. పట్టాలున్నయా?”

“అదే కదండీ ఇబ్బంది! ఒకప్పుడు బోలెడుండేవి. వాళ్లు మార్చుకుంటూ మార్చుకుంటూ వచ్చి ఇప్పుడు ఒక్కటి మిగిల్చారు. పాతవి మీరే గీసివ్వాలి.”

అన్న లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు. గొంతు తగ్గించి, “సార్, పట్టాలు మేం గియ్యం. గసొంటి పని ఈ ఆఫీసుల చెయ్యం. పిల్లలుగల్లోన్ని” అన్నాడు.

“రైలు పట్టాలండీ బాబూ!” అని ఆయన సంచిలోంచి జానెడు పొడవున్న బొమ్మ రైలింజను తీసి టేబుల్ మీద పెట్టాడు.

అలా మా ఆఫీసుకి ‘సముద్రం సారు’ వచ్చాడు. కోస్తా నుంచి ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చి, రిటైరై, చిన్న మంగళారంలో కాస్త పొలం కొని ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంట్లో ఒక గదినిండా పొడవాటి బల్ల చేయించి, దాని మీద తన ఊరి రైల్వేస్టేషన్ కట్టాలని ఆయన కోరిక. అది చిన్న లైను, సముద్రం దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. ఆ చివరి స్టేషన్లో బండిని ఒక పట్టా మీంచి ఇంకో పట్టా మీదికి తిప్పే లివర్లు లాగే ఉద్యోగం వాళ్ల నాన్నది. మొదట్లో అక్కడ ఒకే లైనట. తరువాత ఉప్పు మూటలు ఎత్తడానికి ఒకటి, ఇంజను తిరగడానికి ఒకటి వేశారు. ఆ తరువాత పట్టాలు వెడల్పు చేశారు, కొన్ని పీకేశారు. ఇప్పుడు తిన్నగా ఒకటే లైను, పైన కరెంటు తీగ. పాత నక్షా ఎవరి దగ్గరా లేదు. ఉన్నదల్లా సారు జ్ఞాపకం.

“మా అక్క కంటాసుపత్రికి వస్తోందమ్మా. ఒక కన్ను ఎలాగూ పోయింది. రెండోది మసకేస్తోంది. అమ్మ లేకపోతే నన్ను చంకనేసుకుని పెంచింది అక్కే. ఆ చూపు ఉండగానే దీన్ని చూపించాలి” అన్నాడు. అన్న నా వైపు చూసి, “ఆదివారాలు పోయి గీసియ్యి” అన్నాడు.

మొదటి నక్షా నేను రెండు రోజుల్లో గీసిచ్చాను. సారు కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

“ఇదేంటమ్మా, పచ్చగా?”

“పార్కు సార్. అది ఇడవకపోతే పర్మిషన్ రాదు.”

ఆయన నవ్వలేదు పాపం. పార్కు తీసేసి అక్కడ ఇసక పెట్టమన్నాడు. తరువాత కళ్లు మూసుకుని చెప్పడం మొదలుపెట్టాడు. “ఇది ప్లాట్‌ఫారం లైను. దీని పక్కన ఇంకోటి. ఊరి వైపు రెండూ కలుస్తాయి. సముద్రం వైపు కలవవు. పక్కది ఊరికే ఇసకలో ఆగిపోతుంది.” ఆయన చెబుతుంటే గదిలో చేపల వాసన వచ్చినట్టుండేది. నేనేమో అప్పటికి సముద్రం చూడలేదు, రైలెక్కలేదు. రైలంటే శంకర్‌పల్లి గేటు దగ్గర బండాపుకుని చూసిందే. అయినా చదువుకున్నదాన్ని కదా, ఊరుకుంటానా? నక్షా మీద అగ్గిపెట్టెను ఇంజను చేసి, రెండు రబ్బర్లను పెట్టెలు చేసి అటూ ఇటూ నడిపి చూశాను. మూడో ఆదివారం తప్పు దొరికింది.

“సార్, మీ బాపు స్టేషన్ తప్పున్నది” అన్నాను, ఎంతో సంతోషంగా.

“తప్పేంటమ్మా?”

“గిటు సూడుండ్రి. ఇంజన్ ముందట, పెట్టెలు ఎనక. సముద్రం దిక్కు వచ్చి ఆగింది. తిరిగి పోవాలంటే ఇంజన్ పెట్టెలకు ఆ తట్టు రావాలె. పక్క లైను ఈడ కలవకపోతే ఎట్లొస్తది? ఎగిరొస్తదా?”

“నాకు గుర్తుందమ్మా. అక్కడ కలవదు.”

“గుర్తుంటే సరిపోదు గద సార్, లెక్క కుదరాలె.”

సారు అగ్గిపెట్టెను చేతిలోకి తీసుకుని తనూ నడిపి చూశాడు. రెండుసార్లు, మూడుసార్లు. ఎటు తిప్పినా అది రబ్బర్ల వెనకే ఇరుక్కుంది. చివరికి దాన్ని మెల్లగా కింద పెట్టి, “అయితే నేను కలగన్నానేమోనమ్మా” అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఈ ఘనకార్యం మా బాపుకు వివరంగా చెప్పాను. బాపు అన్నం ముద్ద చేతిలో పట్టుకుని, “పెద్దమనిషి తోని గట్లనే మాట్లాడుతరానే?” అని మాత్రం అన్నాడు. లెక్క తెలియని మనిషిలే అనుకున్నాను.

తరువాతి వారం రెండో లైనును సముద్రం వైపు కూడా కలిపి గీశాను. పట్టాలు అలాగే వేశాం. నీలం కాగితంతో సముద్రం అంటించాను, మా ప్లాన్లలో చెరువులకు వాడే నీలమే. బండి చక్కగా తిరిగింది. సారు మాత్రం కళ్లు మూసుకుని కథలు చెప్పడం మానేశాడు. నేను చెప్పినచోట మేకులు కొడుతూ కూర్చునేవాడు. అది నా గెలుపు కింద రాసుకున్నాను.

అక్క వచ్చిన రోజు అన్న కూడా వచ్చాడు. ఆమె సన్నగా, పొడవుగా ఉంది. దళసరి కళ్లద్దాలు. బల్ల అంచుకు ముక్కు ఆనేంత వంగి, వేలితో పట్టా తడుముకుంటూ ఊరి వైపు నుంచి నడిచింది. “ఇది నీళ్ల ట్యాంకు. ఇది నాన్న లివరు గది. తలుపు ఇటు కాదురా, అటు.” మేం ముగ్గురం ఆమె వెనకే నడిచాం. సముద్రం దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగింది.

“ఇక్కడ కలిపేశావేంట్రా?”

“అలాగే ఉండాలంటక్కా. ఈ అమ్మాయి లెక్కేసి చెప్పింది.”

“ఉండేదిలే, కలిసే ఉండేది. కానీ నువ్వెలా కలిపావా అని. నీకు ఊహ తెలిసేసరికి ఈ ముక్క లేదు కదా.”

సారు తలెత్తాడు. అక్క బల్ల అంచు పట్టుకుని నిలబడే చెప్పింది. సారుకు ఐదేళ్లప్పుడు తుఫాను వచ్చింది. సముద్రం స్టేషన్లోకి వచ్చి, రెండు లైన్లూ కలిసే ఆ చివరి ముక్కను దుంగలతో సహా పట్టుకుపోయింది. మళ్లీ వేయడానికి నెలో, నెలన్నరో పట్టింది. ఆ తరువాత కొన్నాళ్లకే నాన్నకు వేరే ఊరు బదిలీ.

“మరి ఇంజన్ ఎట్ల తిరిగింది అవ్వా?” బల్ల మీదికి వంగి అడిగాను.

“మేం తోశాం.”

బొమ్మ బండిని ఆమె తన చేత్తోనే నడిపి చూపించింది. ఇంజను పెట్టెల్ని ఊరి వైపు వెనక్కి నెట్టి, లైన్లు కలిసేచోటు దాటించి, అక్కడ వదిలేస్తుంది. తను ముందుకొచ్చి పక్క లైన్లోకి తప్పుకుంటుంది. అప్పుడు జనం ఆ రెండు పెట్టెల్నీ భుజాలతో తోసుకుంటూ ప్లాట్‌ఫారం దగ్గరికి తెస్తారు. దారి ఖాళీ అయ్యాక ఇంజను బయటికొచ్చి, పెట్టెలకు ఊరి వైపున తగులుకుంటుంది.

“అలాగే వెనక్కి నెట్టుకుంటూ పోవచ్చు కదక్కా?” అన్నాడు సారు, చిన్నపిల్లాడిలా.

“దారంతా గండ్లేరా. ముందు చూసుకోకుండా డ్రైవరు ఎలా పోతాడు? ఊళ్లో బియ్యం లేవు, మందుల్లేవు. రేపు ఆ బండి రావాలంటే ఇవాళ తిరిగి వెళ్లాలి. నాన్న లివరు పట్టుకుని అరిచేవాడు. స్టేషన్ మాస్టారు కోటు విప్పి తోసేవాడు. నేను నిన్ను చంకనేసుకుని ఒక చేత్తో తోసేదాన్ని. నువ్వూ చెయ్యి పెట్టి, నా వల్లే కదులుతోంది అనేవాడివి.”

ఆ స్టేషన్ నక్షాలన్నీ తెచ్చి ముందు పరిచినా, తుఫానుకు ముందువీ తరువాతవీ, ప్రతి ఒక్కటీ ఆయనదే తప్పనేది. భూమ్మీద నెలరోజులే ఉన్న ఒక లేఅవుట్‌ను ఐదేళ్ల పిల్లవాడు చూసి, అరవై ఏళ్లు చెదరకుండా మోసుకొచ్చాడు. నేను దాన్ని అగ్గిపెట్టెతో కొట్టేశాను. సారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, “కల కాదన్నమాట” అన్నాడు. మా అన్న, ఏ ప్లాటు ముందూ వంగని మనిషి, ఆ బల్లకు దండం పెట్టాడు.

స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని, నేను కలిపిన ముక్కను నేనే ఊడదీశాను. “తప్పైంది సార్” అంటే, “నీ లెక్క మంచిదేనమ్మా, అందులో జనం లేరంతే” అన్నాడు. తరువాత ఇంజను పక్క లైన్లోకి తప్పుకుంది. సారు ఒక వేలు, అక్క ఒక వేలు పెట్టెల వెనక పెట్టారు. “నువ్వూ రా పిల్లా” అని అక్క నా చెయ్యి పట్టి లాగింది. తోశాను. ఆలుగడ్డంత బరువు కూడా లేని బొమ్మ పెట్టె. అది ప్లాట్‌ఫారం చేరేదాకా నేను వేలు తియ్యలేదు.

చేవెళ్ల బస్సులో ఇంటిదాకా కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, నిజంగానే ఏదో పెద్ద బరువు తోసి వచ్చినదానిలా. పక్కసీటు ఆమె, “దెబ్బ తాకిందా బిడ్డా?” అని కూడా అడిగింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఎంత పొగరు పిల్ల, ఎంత తొందరగా కదిలిపోయింది! తరువాత ఎన్నో వందల నక్షాలు గీశాను, అన్నీ లెక్క కుదిరినవే. ఆ రోజు బస్సులో ఆ పొగరు పిల్ల కూర్చున్నట్టు, పెద్ద బరువు తోసి వచ్చినదానిలా కూర్చోవడం మాత్రం మళ్లీ నా వల్ల కాలేదు.