తోకచుక్క పేరుతో నేనిచ్చిన జవాబు

మరొకరి పేరుతో నేనొక మాట అన్నాను. ఏళ్ల తరబడి దాన్ని మోస్తున్నాను. కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో కృష్ణ ఒడ్డున ఒక కరెంటు స్టేషన్లో, కాంట్రాక్టరు కింద, బొగ్గు మోసుకెళ్లే బెల్టు దగ్గర పనిచేసేవాణ్ని. కల్మల నర్సప్ప నా జోడీ. ఆదివారం పొద్దున టీవీలో అంతరిక్ష యుద్ధాల సీరియల్ వచ్చేది. అందులో పైలట్లకు రేడియోలో సొంత పేర్లుండవు, ఒక్కొక్కరికీ ఒక్కో మారుపేరు. ఆ పిచ్చి మాకెంత పట్టిందంటే, మా వాకీటాకీల్లోనూ అలాగే పిలుచుకునేవాళ్లం. నేను గద్ద. నర్సప్ప తోకచుక్క. ఆ పైలట్లలాగే అందరం ముక్కుతో, పొడిపొడిగా మాట్లాడేవాళ్లం. సెట్లో ఎవరి గొంతు ఎవరిదో పోల్చుకోవడం కష్టం.

బెల్టు కింద రాలి పేరుకున్న బొగ్గు ఎత్తడానికి ఎవరైనా దిగితే బెల్టు ఆపేవారు. దిగినవాడు తన మారుపేరు చెప్పి, బయటికొచ్చానంటేనే మళ్లీ నడిపేవారు.

ఆ మధ్యాహ్నం నర్సప్ప దిగాడు. డ్యూటీ అయిపోవచ్చింది. కంట్రోల్ రూము నుంచి "తోకచుక్కా, బయటికొచ్చినవా?" అని రెండుసార్లు అడిగారు. జవాబు లేదు. బెల్టు నడిస్తే గాని మమ్మల్ని వదలరు. గేటు దగ్గర బస్సు హారన్ కొడుతోంది. వచ్చేసే ఉంటాడులే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక ఇంటికి పోవాలన్న తొందరకు ఆ మాట అతికించుకున్నానా? నాలుగడుగులు వేసి తొంగి చూస్తే తెలిసేది. చూడలేదు. సెట్టు నొక్కి, "తోకచుక్కను, బయటికొచ్చిన" అన్నాను.

బెల్టు నర్సప్ప కుడిచేతిని మోచేతి దాకా నలిపేసింది.

విచారణలో అందరూ ఒకటే చెప్పారు, తోకచుక్క జవాబిచ్చాడని. నన్నూ అడిగారు. విన్నానన్నాను. బయటికొచ్చానని చెప్పాక నర్సప్ప మళ్లీ దిగాడని, తప్పు అతనిదేనని తేల్చి అతన్ని పనిలోంచి తీసేశారు.

కొన్నాళ్లకు అతన్ని చూడడానికి వాళ్ల ఊరు కల్మల వెళ్లాను. ఎడమచేత్తో తనే కుర్చీ లాగి వేశాడు.

"నేను చెప్పలేదనే అనుకుంటి రా. సెట్టు బ్యాటరీ అయిపోయినట్టు గూడ యాదికున్నది. గని అందరు విన్నమంటుండ్రు. నువ్వు గూడ విన్నవట గద?"

అప్పుడైనా చెప్పవచ్చు. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం.

"విన్న," అన్నాను.

"అట్లయితె నేనే చెప్పి మర్శిపోయిన్నేమో. నా దిమాగే ఖరాబైనట్టుంది." అలా అంటూ నాకు చాయ్ అందించాడు. తాగాను.

ఇప్పటికీ అన్నం తిన్నానా, తలుపేశానా అని భార్యను అడుగుతుంటాడట. తన జ్ఞాపకం మీద తనకే నమ్మకం లేదు. చేయి నా తొందరపాటు వల్ల పోయింది. కానీ ఆ నమ్మకాన్ని ఎదురుగా కూర్చుని, తెలిసి తెలిసి, నేనే తీసేశాను. అది ఏ మనిషి చేసే పని?

ఆ రోజు నర్సప్ప జవాబివ్వలేదు. ఇచ్చింది నేను. ఈ రెండు ముక్కలూ రాశాక గుండె కాస్త తేలికైంది. వినాల్సినవాడు ఇంకా వినలేదు, అయినా తేలికైంది. అందుకు సిగ్గుగా ఉంది.