పాప్పాత్తిని లేపిన పిల్లి

అరవదేశంలో ధర్మపురి దగ్గరి ఇండూరులో మా వీధికి దీపం తెప్పించింది నేను. హరూరు పోయే బస్సు మా మలుపులో ఆగేటట్టు చేసింది నేను. ఊరి బడిలో అయిదో తరగతి దాకానే చదివినా, తెలుగులో తప్పు లేకుండా రాయగలిగినవాణ్ణి మా వీధి మొత్తానికి ఇప్పుడు నేనొక్కణ్ణే. మా పిల్లలకు మాట తెలుగు, రాత అరవం. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పాప్పాత్తిని పూల వ్యాను ఎక్కించింది కూడా ఈ దొరసామి శెట్టియారే. ఆ సంగతి రాయాలనే కూర్చున్నాను.

పాప్పాత్తి మా వీధి చివర రేకుల ఇంట్లో ఉండేది. ఆమె, మొగుడు మునియన్ చాలా ఏళ్ళు కంకర మిషన్లో కూలి చేశారు. ఆ మోతకు ఇద్దరి చెవులూ పోయాయి. ఆ దుమ్ముకు మునియన్ ఊపిరి కూడా పోయింది. వాళ్ళకు పిల్లలు లేరు. మునియన్ దినాలు కాగానే అతని తమ్ముడు మాదేశన్ చెట్టికరై నుంచి వచ్చి, మాతో వచ్చి ఉండు వదినా అన్నాడు. మంచి మాటే. కానీ ఒకప్పుడు ఆ ఇంట్లో బిడ్డను తొట్టిలో వేసే వేడుక జరుగుతుంటే, మాదేశన్ పెండ్లాం ఈమెను ముందుకు రానీయలేదు. గొడ్రాలి చెయ్యి బిడ్డమీద పడగూడదని నలుగురిలో అనేసింది. పాప్పాత్తికి అప్పట్లో చెవులు కాస్త వినబడేవి.

ఆమె మా అంగడి ముందర నిలబడి, "చేతులు ఆడినన్ని దినాలు ఆ ఇంటి కూడు తినను సామీ. నాకు ఒక పని చూడు" అంది.

చూశాను. గుండుమల్లి తోటలకు ఆడవాళ్ళను తోలుకుపోయే మణిమేగలై నాకు బాగా తెలుసు. ఆమె చెల్లెలి పెండ్లి సంబంధం నేను కుదిర్చిందే. మల్లెమొగ్గను తెల్లవారక ముందే కోయాలి. విచ్చుకుందంటే ధర్మపురి పూల అంగళ్ళలో దాన్ని ఎవరూ ముట్టరు. అందుకని వ్యాను చీకటితోనే వస్తుంది, ఒక్క హారన్ కొడుతుంది, నిలబడినవాళ్ళను ఎక్కించుకుని పోతుంది.

మణిమేగలై మనిషిని ఎగాదిగా చూసింది. ఆమెది అరవమే.

"అవ్వకు చెవులు వినబడవే అన్నా! హారన్ ఎట్ల వింటాది? ఎవురు లేపుతారు?"

నేను సైగ చేసి చెప్పగానే పాప్పాత్తి, చెవిటివాళ్ళ గొంతు కదా, వీధి అదిరేటట్టు అరవంలోనే జవాబిచ్చింది. "మా పిల్లి లేపుతాది. ఒకనాడు కూడా తప్పదు!"

"ఎంత వయసు?"

ఈసారి వేళ్ళు చూపించి అడగాల్సి వచ్చింది. "పదకొండు. మా ఆయన చేతిమీద పెరిగింది."

"పరవాలేదే. ఈ కాలంలో చీకటితో లేచేది ఎవురుండారు!" అని మణిమేగలై ఒప్పుకుంది. నా మాటకు ఉన్న విలువ అది.

పిల్లికి వేరే పేరు లేదు. పిల్లి అంటే పిల్లే. బూడిద రంగుది, ఒక చెవి చీలింది. కిటికీలోంచి దూరి వచ్చి పాప్పాత్తి కాళ్ళ దగ్గర పడుకునేది. చీకటితోనే లేచి పని మొదలుపెట్టేది. మొదట చెంపమీద మెత్తగా పంజా వేస్తుంది. కదలకపోతే తడి ముక్కు తెచ్చి ముక్కుమీద పెడుతుంది. అప్పటికీ లేవకపోతే కాలి బొటనవేలు పట్టి కొరుకుతుంది. అప్పుడు పాప్పాత్తి తిట్లు మొదలయ్యేవి.

"లేచినానే ముండా! వేలు నీకేమన్నా కరువాడా? ఉండు, గంజి పోస్తాను ఉండు!"

తన గొంతు తనకు వినబడదు గనక ఆమెకు మెల్లగా తిట్టడం తెలియదు. ఆ తిట్లకు మేమంతా లేచేవాళ్ళం. పిల్లి పాప్పాత్తిని లేపితే పాప్పాత్తి వీధిని లేపుతుందని మా ఆవిడ నవ్వేది. వ్యాను రాని రోజు కూడా పిల్లి వదిలేది కాదు. "దీనికి అమాసకు కూడా లీవు లేదు సామీ" అని పాప్పాత్తి నాతో మొరపెట్టుకుంటూనే, పాత గంజిలో కరువాడు ముక్క నలిపి వేసేది. ఎండుచేప లేనిదే అది మూతి పెట్టదు. అట్లా ఆమె ఎవరి చేతికిందా ఉండకుండా బతికింది. వ్యాను ఒక్కనాడు కూడా తప్పలేదు.

పోయిన వానాకాలానికి పిల్లి చిక్కిపోయింది. గంజి వదిలేసి, కుండ దగ్గర కూర్చుని నీళ్ళే తాగేది. ఒకనాడు వీధిలో తిట్లు వినబడలేదు. నేను కూడా ఆలస్యంగా లేచాను. పోయి చూస్తే పాప్పాత్తి గడపలో కూర్చుని ఉంది. ఒడిలో చేట, చేటలో పిల్లి.

"ఎండ తగిలి లేచినాను సామీ. ఇది నా కాళ్ళకాడనే ఉండాది. చల్లగా ఉండాది."

వ్యాను వచ్చి, హారన్ కొట్టి, పోయి చాలాసేపయింది. అంతలో నా ఫోను మోగింది. అవ్వ ఎందుకు రాలేదని మణిమేగలై. వ్యాను ఆమె అని నేను సైగ చేశానో లేదో, పాప్పాత్తి ఫోను లాక్కుని అరవంలో అరిచింది. "పిల్లి పోయిందమ్మా! మా పిల్లి పోయింది! నేనింక ఎట్ల బతికేది!" ఆ ఏడుపులో ఏదో నొక్కింది, ఫోను ఆగిపోయింది. మళ్ళీ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

పాప్పాత్తి పిల్లిని చేటతోనే పెరట్లో పెట్టి తువ్వాలు కప్పింది. పొద్దు కాస్త ఎక్కేసరికి వ్యాను మా వీధిలోకే వచ్చింది. అందులోంచి పూలు కోసే ఆడవాళ్ళంతా దిగారు. మణిమేగలై చేతిలో అప్పుడే కోసిన మొగ్గలతో కట్టిన దండ. పెరుమాయి అనే ఆమె చేతిలో, పూడ్చినచోట పోయడానికి పాల ప్యాకెట్లు. దిగుతూనే శోకాలు పెట్టి, పాప్పాత్తిని నడుమ కూర్చోబెట్టి, భుజాలు పట్టుకుని ఏడ్చారు. పాప్పాత్తి మొదట బిత్తరపోయింది. తర్వాత ఆమెకూ ఏడుపు పొంగుకొచ్చింది. మునియన్ పోయినప్పుడు కూడా ఆమె అట్లా ఏడవలేదు. నేను పని ఇప్పించిన చోట మనుషులు ఎంత మంచివాళ్ళో అని నాకు గర్వంగా కూడా అనిపించింది.

పెరుమాయి కండ్లు తుడుచుకుంటూ నా పక్కకు వచ్చింది. "పాప ఏ స్కూలన్నా? ఏమి జబ్బు?"

అప్పుడు తెలిసింది నాకు. అరవంలో పిల్లిని పూనై అంటారు. పాప్పాత్తి అరవం మాట్లాడినా దాన్ని మాత్రం పిల్లి అనే అనేది, అది దాని పేరు గనక. వాళ్ళకది వల్లి, మల్లి లాగా ఒక ఆడపిల్ల పేరు. పదకొండేళ్ళ మనవరాలు, చీకటితో లేచి చెవిటి అవ్వను లేపి పనికి పంపే పిల్ల అని ఇన్నాళ్ళూ వ్యానులో అందరూ అనుకుంటున్నారు.

నేను ఏదో చెప్పబోయే లోపల మణిమేగలై దండ ఎత్తి చూపి, బిడ్డ ఎక్కడని సైగ చేసింది. పాప్పాత్తి లేచి వాళ్ళను పెరట్లోకి తీసుకుపోయింది. చేటమీద కప్పిన తువ్వాలు తీసింది.

వెనక నుంచి ఎవరో "పూనై!" అన్నారు. ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత నవ్వు ఆగలేదు. కండ్లలో నీళ్ళు ఆరకుండానే నవ్వారు.

మణిమేగలై నవ్వలేదు. "సగం తోట కోయకుండా వచ్చినామే! ఆ మొగ్గలంతా విచ్చిపోయింటాది. తోటాయనకు ఏమని చెప్పేది, పూనై చావుకు పోయినామనా? లేని బిడ్డను ఉందని ఎందుకు చెప్పినావవ్వా?"

పాప్పాత్తికి వినబడలేదు. నా మొహం చూసింది. "ఏమంటాండారు సామీ?"

ఆమెకు వినబడాలంటే చెవి దగ్గర అరవాలి. అరిచాను. వీధంతా విన్నది. "నీకు బిడ్డ ఉండాదని అనుకున్నారంట! పిల్లి అంటే నీ మనవరాలనుకున్నారంట!"

"నాకా?" అంది పాప్పాత్తి.

కొంచెం సేపు ఆ ఆడవాళ్ళను ఒక్కొక్కరినే చూసింది. "ఇన్ని దినాలూ అట్లనే అనుకున్నారా?" అంది. ఆ మొహంలో ఉన్నది సిగ్గో, ఇంకేమిటో, ఎందరి తగవులో తీర్చిన నాకే అర్థం కాలేదు. దండ వ్యానులో వెనక్కు పోయింది.

మరునాడు నేను పోయి మణిమేగలైతో మాట్లాడాను. నా మాట కొట్టేయలేదు. "వ్యాను వచ్చేటప్పటికి నిలబడి ఉంటే ఎక్కించుకుంటానన్నా. లేదంటే వద్దు" అంది.

ఇక ఆమెను లేపే పని నాది. ఒక ఫోను కొని, అదిరేటట్టు పెట్టి, దిండు కింద ఉంచమన్నాను. అది రాత్రికి రాత్రి చాపకిందికి జారిపోయి అక్కడే అదురుతూ ఉండేది. ఎక్కడినుంచో ఒక పిల్లికూనను తెచ్చి ఇచ్చాను. అది పాప్పాత్తి కంటే మొద్దునిద్ర. తలుపు తట్టి లాభం లేదు. తలుపు తీసి పెట్టుకో, మా ఆవిడ వచ్చి తట్టి లేపుతుందని చెప్పాను. ఒంటరి ఆడది గడియ వేయకుండా పడుకోనంది. అప్పుడు నాకు ఒక ఉపాయం తట్టింది. ఒక తాడు కొస ఆమె కాలి వేలికి, ఇంకో కొస కిటికీ బయటికి. చీకటితో నేను పోయి లాగుతాను, ఆమె లేస్తుంది. బ్రహ్మాండంగా పనిచేసింది. ఆ వారమంతా ఆమె వ్యాను ఎక్కింది.

కానీ వ్యానులో పెరుమాయి మొదలుపెట్టింది. "ఏమవ్వా, ఈ దినం శెట్టియారు లాగినాడా? పాలిచ్చినావా?" పాప్పాత్తికి మాట వినబడకపోయినా, తాడు లాగే సైగ కనబడింది. నవ్వే నోళ్ళు కనబడ్డాయి.

ఆ సాయంత్రం తాడు చుట్టి తెచ్చి మా అంగడి బల్లమీద పెట్టింది. "వద్దు సామీ. పిల్లి కొరికితే ఎవురూ నవ్వలేదు."

తర్వాత ఆమె పడుకోవడమే మానేసింది. గోడకు ఆనుకుని కూర్చుని వ్యాను కోసం చూసేది. చూసి, ఎక్కేది. కొన్నాళ్ళు గడిచాయి. ఒకనాడు మణిమేగలై పొద్దెక్కక ముందే ఆమెను చెయ్యి పట్టుకుని తెచ్చి మా ఇంటి ముందర దింపింది.

"సాళ్ళ నడుమ పడి నిద్రపోతాంది అన్నా. పామూ పురుగూ తిరిగే తోట అది. నాకు పాపమే. కానీ ఒకనాడు నేను పీనుగును తెచ్చి నీకు అప్పజెప్పల్సి వస్తాది. అది నావల్ల కాదు."

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. నేను కూడా మరి అడగలేదు.

మాదేశన్ ఆటో తెచ్చాడు. పాప్పాత్తి చీరల మూట ఒడిలో పెట్టుకుని ఎక్కింది. వీధిలో ఎవరివైపూ చూడలేదు.

ఈమధ్య మావాళ్ళ అబ్బాయి ఒకడికి చెట్టికరై ఇంజనీరింగ్ కాలేజీలో సీటు సంగతి కనుక్కోవడానికి పోయాను. ఆ పని కూడా అయింది. వచ్చేదారిలో మాదేశన్ ఇంటికి పోయాను. బాగా ఎండెక్కింది. వసారాలో ఒక మూల పాప్పాత్తి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఈగలు వాలినా కదలడం లేదు.

"ఒళ్ళు బాగలేదా?" అన్నాను.

"బాగనే ఉండాది" అంది మాదేశన్ పెండ్లాం, నాకు కాఫీ లోటా అందిస్తూ. "ఎవురూ లేపము. లేచి ఏమి చేయల్ల సామీ? పడుకోనీ."

ఆమె మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. నేను కాఫీ తాగాను. కాసేపు కూర్చున్నాను. బస్సుకు వేళయింది.

"లేపేదా సామీ?" అని ఆమె అడిగింది.

వద్దన్నాను.