పసుపు కొమ్ము విమానానికి ఊపిరి రూలు

మా చిన్నాన్న కొడుకు రాజు నిన్న ఆర్మూర్‌లోని మా ఇంటికి వచ్చి, డైనింగ్ టేబుల్ నిండా బొమ్మ సైనికులను పరిచాడు. యాభై ఏళ్లు దాటిన మనిషి! అందులో ఒక విమానం కూడా ఉంది. దానికి రూల్స్ మనమే పెట్టుకోవాలట.

ఆ మాటకే నాకు ఒళ్లు మండింది. రైతుల పసుపు అమ్మిపెట్టే అడ్తి దుకాణాల్లో పెరిగినవాళ్లూ, మీకు గుర్తుందా? చిన్నప్పుడు మన సైనికులు పసుపు కొమ్ములే కదా! గుండ్రటి దుంపలు ట్యాంకులు. రెండు పక్కలా పిలకలున్న కొమ్ము దొరికితే అదే విమానం. దాన్ని ఎత్తి పట్టుకున్నవాళ్లు ఊపిరి బిగబట్టినంతసేపే అది ఎగరాలని రూలు పెట్టింది నేనే.

రాజు ఏం చేసేవాడు? నా విమానం వాడి సైన్యం మీదికి రాగానే పక్కనున్న ఖాళీ గోనెసంచిని అరచేత్తో ఫట్టున కొట్టేవాడు. పసుపు దుమ్ము లేచేది. నాకు తుమ్ములే తుమ్ములు. విమానం కూలిపోయేది.

"గిదేం ఆటరా?" అని అరిచేదాన్ని.

"గది ఫిరంగి అక్కా. ఫిరంగి కొట్టొద్దని నువ్వు రూల్ పెట్టలే!"

సంచి ముట్టొద్దని రూలు పెడితే, మర్నాడు చీపురు తెచ్చాడు.

నిన్న మళ్లీ ఆ ఊపిరి రూలే పెట్టాను. సంచీ వద్దు, చీపురూ వద్దని ముందే ఒట్టు వేయించుకున్నాను. విమానం ఎత్తి ఊపిరి బిగబట్టానో లేదో, "జర ఆగక్కా, ఇప్పుడే వస్త" అని వాడు వంటింట్లోకి పోయాడు. పోపు డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది.

పసుపు వద్దనడం మరిచిపోయాను!