మోడనుకుని నరికిన చెట్టు

నా చిన్నప్పుడు మా తాతయ్యకి చలికాలం అంటే ఏమిటో తెలియదు. నవ్వకండి. ఫిజీలో పుట్టి, అక్కడి చెరకు తోటల్లోనే ముసలివాడైన మనిషి ఆయన. ఆ నేల మీద చెట్టుకి ఆకులన్నీ రాలిపోయాయంటే చెట్టు చచ్చిందనే లెక్క. తుపాకులు పట్టుకున్నవాళ్ళు ప్రభుత్వాన్ని లాక్కున్నాక, కౌలు పొలాన్నీ, నానమ్మని దహనం చేసిన ఏటి ఒడ్డునీ వదిలేసి, మేమంతా సిడ్నీ పడమటి శివార్లలో ఒక అద్దె ఇంట్లో దిగాం.

మా పెరట్లో ఒక ప్లమ్ చెట్టు ఉండేది. కంచెకి అవతల పక్కింటి ఆంటీ వాళ్ళ పెరట్లో ఇంకో చెట్టు. దాని పండు సగం చెర్రీ, సగం ప్లమ్. పెద్ద ఉసిరికాయంత ఉంటుంది, తొక్క పులుపు, లోపల తేనె. మేము దిగిన వారంలోనే ఆంటీ దుప్పట్లూ, ఆ పళ్ళతో చేసిన జామ్ సీసా ఒకటీ తెచ్చి ఇచ్చింది. ఆవిడ భర్తకి ఊపిరితిత్తులు పాడైపోయాయి. వెనక కిటికీ పక్కన మంచం వేయించుకుని పొద్దస్తమానం ఆ చెట్టునే చూస్తుండేవాడు. వచ్చే ఏటి చలికాలం చూడనని ఆయనకి తెలుసు. క్రిస్మస్‌కి ఆ పళ్ళు ఇంకొక్కసారి తినాలి, అంతే, అనేవాడు.

అక్కడ చలికాలమైన జూలైలో రెండు చెట్లూ ఒట్టి పుల్లలై నిలబడ్డాయి. నానమ్మ పోయి ఏడాది కూడా తిరగలేదేమో, తాతయ్యకి ఆ మోడుని చూస్తే ఒళ్ళు మండేది. ఇంటి వెనక మోడు ఉండకూడదు, మంచిది కాదు అని గొడ్డలి తీశాడు. పక్కింటాయన జబ్బు మనిషి, పాపం, వాళ్ళ మోడుని కూడా రేపు నేనే కొట్టి పెడతాను అని కూడా అన్నాడు. ఎంత మంచి మనసో చూడండి!

చెట్టు పడ్డాక మొదలు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. తడి. అక్కడే నేల మీద కూలబడి, "అయ్యో, బతికున్నదాన్ని నరికానే" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు, పక్కన ఉన్నది నేనొక్కదాన్నే. సాయంత్రానికి కొమ్మలన్నీ కుప్పేసి తగలబెట్టేశాడు. ఆ తర్వాత కంచె వైపు వెళ్ళడం మానేశాడు.

ఆగస్టు చివర్లో ఆంటీ చెట్టు ఒళ్ళంతా తెల్లగా పూసింది. నేను సంబరంగా పళ్ళెప్పుడని అడిగాను. ఈ ఏడు పువ్వులేనమ్మా, అంది ఆవిడ. ఆ చెట్టుకి తన పుప్పొడి తనకి పనికిరాదట, పక్కన వేరే రకం ప్లమ్ పూస్తేనే కాయ కడుతుందట. ఇదంతా చెబుతున్నంతసేపూ ఆవిడ మా పెరటి వైపు పొరపాటున కూడా చూడలేదు.

నేను ఇంట్లో చెప్పేసరికి నాన్న కంగారు పడ్డాడు. ఒక చోటి నుంచి తరిమేస్తే వచ్చాం, ఇక్కడ కూడా పేచీ ఎందుకు, చెట్టు మన పెరట్లోది, ఎవరడిగారు, అన్నాడు. "ఎవరూ అడగలేదురా. అదే నన్ను తినేస్తోంది" అన్నాడు తాతయ్య.

ఆయనకి ఇంగ్లీషు రాదు కాబట్టి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. గుమ్మంలో ఆగి, "నేను చెప్పింది చెప్పినట్టే చెప్పు. జాలి కలపకు" అన్నాడు. మంచం పక్కన చేతులు కట్టుకుని నిలబడి, నీ పండుని పోగొట్టింది నేనే, బతికున్న చెట్టుని నరికానని తెలిసిన రోజే రావలసింది, భయపడి రాలేదు అన్నాడు. నేను ఒక్కొక్క మాటా ఇంగ్లీషులో అప్పజెప్పాను.

ముసలాయన మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటూ, అంతా చూశానన్నాడు. చెట్టు పడటమూ చూశాడట, దాని పక్కన తాతయ్య కూలబడటమూ చూశాడట. తర్వాత ఒక మాటన్నాడు. అది తాతయ్యకి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"ఏమన్నాడే?" అన్నాడు తాతయ్య.

చెప్పక తప్పలేదు. "ఆ రోజే వచ్చి ఉంటే రెండు కొమ్మలు నా చెట్టుకి అంటు కట్టించేవాణ్ణి. ఆ నరికిన చెట్టు, చచ్చిపోయిన నా స్నేహితుడు నాటింది."

తాతయ్య తల వంచుకున్నాడు. అప్పటికి ఆ కొమ్మలు బూడిదై చాలా రోజులైంది.

చేయగలిగింది ఏమైనా ఉందా అని తాతయ్య అడిగితే, దారి కూడా ఆ ముసలాయనే చెప్పాడు. వీధుల్లో ఇళ్ళ ముందు ఎర్రాకుల ప్లమ్ చెట్లు పూసి ఉన్నాయి, వాటి కొమ్మలు అడిగి తెచ్చి, నీళ్ళ బకెట్లలో పెట్టి చెట్టుకి వేలాడదీస్తే మిగతాది తేనెటీగలు చూసుకుంటాయన్నాడు. జన్మలో ఎవరి దగ్గరా చెయ్యి చాపని మా తాతయ్య ఇల్లిల్లూ తిరిగాడు. అడగడం నా వంతు. కొందరు ఇచ్చారు. కొందరు తలుపేశారు. ఒకాయన వచ్చిన దేశానికే పొమ్మన్నాడు. ఆ మాట కూడా చెప్పమన్నాడు తాతయ్య, విని, పద, ఆ తర్వాతి ఇంటికి, అన్నాడు.

బకెట్లు కట్టాం. పొద్దున్నే నీళ్ళు మార్చేవాళ్ళం. అంతలో ముసురు పట్టింది. తేనెటీగలు సరిగ్గా రాలేదు, తెల్లపూలన్నీ బురదలో రాలిపోయాయి. చివరికి బకెట్లకి దగ్గరగా ఉన్న రెమ్మలకే నాలుగు పిందెలు కట్టాయి. అవి ఇంకా పచ్చిగా ఉండగానే, నవంబరులో, ముసలాయన పోయాడు. మా అమ్మ అన్నం వండి పంపితే ఆంటీ ముట్టలేదు.

క్రిస్మస్ ముందు ఆవిడే కంచె దగ్గరికి వచ్చి పిలిచింది. తాతయ్య ఒక్కో పండూ మెల్లగా తిప్పి కోస్తుంటే ఆవిడ గిన్నె పట్టుకుంది. గిన్నె అడుగు కూడా నిండలేదు. మొదటి పండు తీసి తాతయ్య చేతిలో పెట్టింది. ఇది ఆయనది, నా గొంతు దిగదు అన్నాడు తాతయ్య. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆంటీ, "పొద్దున లేస్తే మందు కంటే ముందు ఈ కాయలు ఉన్నాయా రాలాయా అని అడిగేవాడు. తిను" అంది. తాతయ్య తిన్నాడు. పండు నోట్లో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇప్పుడు నా పెరట్లో ఆ రకం చెట్టూ, దానికి తోడు ప్లమ్ చెట్టూ ఉన్నాయి. చలికాలంలో ఆకులు రాలాక గోటితో బెరడు కొంచెం గీరి చూస్తాను, లోపల పచ్చగా కనబడితే గానీ మనసు నిలవదు. నా వల్ల ఎవరికైనా చెరుపు జరిగిందని తెలిస్తే ఆ పొద్దు గుంకేలోపే వాళ్ళ గుమ్మం ముందు నిలబడతాను. తిట్లు తింటాను, క్షమిస్తారో లేదో వాళ్ళ ఇష్టం. నరికిన కొమ్మల్లో తడి ఇంకా ఉండగానే మాత్రం వెళ్తాను.